మోచిలో లేనివి

కార్తీకమాసం రెండో శుక్రవారం పొద్దున్న ఏడు గంటలకి తాడేపల్లిగూడెం బజారులోని మిఠాయి కొట్టులో శ్రీరంగనాయకులు కాజాల పళ్ళేన్ని ముందరి అద్దాల అరలోంచి తీసి వెనక్కి పెట్టాడు. ఆ అర ఈ ఒక్కరోజుకి కోడలు లహరిది. విజయవాడలో నాలుగు రోజులు క్లాసుకెళ్ళి నేర్చుకొచ్చిన జపాన్ మిఠాయిని ఆమె నలభై చేసింది. దీపాలు పెట్టే వేళకి నలభై అమ్ముడైతే అర ఆమెకే ఉంటుంది. లేకపోతే కాజాలు తిరిగి వస్తాయి. ఈ షరతు అత్తగారు భ్రమరాంబది.

లహరి పలక మీద సుద్దతో రాసింది: "మోచి: జపాన్ మిఠాయి. పైన జిగురు బియ్యప్పిండి, లోపల శనగపప్పు బెల్లం పూర్ణం."

"ఎవరన్నా అడిగితే ఇది చూపించండి మామయ్యగారూ. ఇంకేం చెప్పక్కర్లేదు," అని వంటగదిలోకి వెళ్ళింది.

అక్కడే వచ్చింది చిక్కు. అనుమానంతో వచ్చిన మనిషిని అనుమానంతో పంపడం శ్రీరంగనాయకులుకి ముప్పై ఏళ్ళుగా చేతకాలేదు.

మొదట పెంటపాడు నుంచి వెంకటనరసమ్మ వచ్చింది. ఆదివారం వ్రతానికి రెండు వందల లడ్డూలు చెప్పిన మనిషి. పలక రెండుసార్లు చదివింది.

"జపాన్ వాళ్ళు పొద్దున లేస్తే చేపలే తింటారంట కదండీ. ఇందులో ఏమన్నా పడిందా?"

"రామ రామ! మన కొట్లో చేపేంటండీ?"

"అది కాదండీ, కార్తీకం కదా అని."

ఇలాంటి అనుమానం ఇంకెవరికీ రాకూడదని ఆయన సుద్ద తీసుకుని కింద "చేప లేదు" అని రాశాడు.

పది నిమిషాలకి లెక్కల మాస్టారు హేమంత్‌కుమార్ వచ్చి పలక ముందు నిలబడ్డాడు.

"లేదంటే? ఇప్పుడు లేదనా, ఎప్పుడూ లేదనా?"

"ఎప్పుడూ లేదండి."

"మరి అలా రాయలేదేంటండీ? చదివినవాళ్ళు నిన్నటిదాకా ఉందనుకోరూ?"

న్యాయమే అనిపించింది. "ఎప్పుడూ లేదు. ఇకముందూ ఉండదు" అని చేర్చాడు. తర్వాత వచ్చినావిడ రొయ్యల సంగతి అడిగింది. ఆవిడ వెనకున్నావిడ పీతల గురించి అడిగింది. అవి రాయడానికి పలక మీద చోటు లేదు. పైన రాసున్న పిండి, పూర్ణం సంగతి ఎవరూ అడగడం లేదు గదా అని ఆయన ఆ మాటలు చెరిపేశాడు.

పదకొండింటికి పలక ఇలా ఉంది: "మోచి: జపాన్ మిఠాయి. చేప లేదు. ఎప్పుడూ లేదు. ఇకముందూ ఉండదు. రొయ్య, పీత కూడా లేవు."

ఎవరో ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. పదకొండున్నరకి మేడ మీదున్న భ్రమరాంబకి ఏలూరు నుంచి ఆడపడుచు ఫోన్ చేసింది.

"ఏంటొదినా, మీ కొట్లో రొయ్యల మిఠాయి పట్టుకున్నారంట?"

భ్రమరాంబ మెట్లు దిగేసరికి కొట్టు ముందు ముప్పై మంది ఉన్నారు. కొనేవాడు ఒక్కడూ లేడు. అరలో నలభై మోచీలూ అలాగే ఉన్నాయి. వెంకటనరసమ్మ తిరిగొచ్చింది.

"నా లడ్డూలు వద్దండి. ఆ మూకుడూ ఈ మూకుడూ ఒకటే కదా."

"దీనికి మూకుడే అక్కర్లేదండి, ఆవిరి మీద..." అన్నాడాయన.

"అయితే మాత్రం, గరిటె?"

శ్రీరంగనాయకులు సుద్ద కోసం వెతుకుతుండగా, బజారుకి సరుకు తెచ్చిన కైకలూరు చేపల వ్యాపారి ఏడుకొండలు బండి దిగి, జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చాడు.

"రంగనాయకులుగారూ, నమస్కారమండి. రొయ్య ఎక్కడ కొంటున్నారండీ? కార్తీకంలో గూడెంలో ఒక్కడూ కొనట్లేదు. మీరొక్కరే వాడుతున్నారని ఫోన్‌లో చూసి పరుగెత్తుకొచ్చాను."

జనం ఒక్కసారిగా "ఆఁ!" అన్నారు. భ్రమరాంబ మెట్టు మీద కూలబడింది. లహరి పిండి చేతులతో బయటికి వచ్చింది, పలక చదివింది, మామగారి వంక చూసింది. తర్వాత ఒక మోచి తీసి ఏడుకొండలు చేతిలో పెట్టింది.

"మీరే తిని చెప్పండి బాబాయిగారూ."

ఏడుకొండలు దాన్ని వాసన చూశాడు. సగం కొరికాడు. లోపలికి చూశాడు. మిగతా సగం తిన్నాడు. ఇంకోటి అడిగి తిన్నాడు.

"లేదండి," అన్నాడు దిగులుగా. "ఐసు పెట్టె మూత తీయకుండా లోపలి చేప ఎన్నాళ్ళదో చెప్తాను. ఇందులో లేదు. శనగపప్పు పూర్ణం ఉంది."

"నమ్మచ్చా?" అంది వెంకటనరసమ్మ.

"నేనూ కార్తీకం చేస్తున్నానండి. ఉంటే ముందు చెడేది నా నియమమే."

"పూర్ణమా!" అన్నాడు మాస్టారు. "ఆ ముక్క రాయచ్చు కదండీ!"

"రాసే ఉండేదండి. చోటు చాలక చెరిపేశాను."

చేప లేదని చేపలవాడే చెప్పాక ఇంకెవరు చెప్పాలి? పన్నెండున్నరకి అర ఖాళీ అయింది. ఏడుకొండలు తిన్న రెండిటికీ డబ్బిచ్చి, ఇంకో డజను పొట్లం కట్టించుకున్నాడు. వెంకటనరసమ్మ లడ్డూలకి తోడు యాభై మోచీలు చెప్పింది. భ్రమరాంబ లేచి, కొంగు దులుపుకుని, కోడలి వైపు తిరిగింది.

"అర నీదేనమ్మా. ఏవండీ, ముందా పలక తుడిచెయ్యండి."

"తుడవకండి," అన్నాడు మాస్టారు. "ఇప్పుడు తుడిస్తే మళ్ళీ కలిపారంటారు."

పలక అలాగే ఉండిపోయింది. మర్నాడు పొద్దున్న తణుకు నుంచి ఒకావిడ వచ్చి, దాన్ని చివరిదాకా చదివి, తృప్తిగా తలూపింది. తర్వాత పక్క పళ్ళేల వైపు చూసింది.

"మరి కాజాల మీద రాయలేదేంటండీ?"

ఆ కొట్టులో మిఠాయిలు ముప్పై ఆరు రకాలు.