గడియ వేసిన గదిలో కసరత్తు

మా బాబాయి గడియారాలు బాగుచేసేవాడు. జీవితమంతా స్టూలు మీద కూర్చుని, కంటికి భూతద్దం తగిలించుకుని, ఊపిరి బిగబట్టి పనిచేసిన మనిషి. ఆయన ఎత్తిన అతి పెద్ద బరువు ఓ గోడగడియారం. దుకాణం మూసేసి ఇంటిపట్టున ఉన్నాక, రెండు మెట్లెక్కాలన్నా మధ్యలో ఒకసారి "అమ్మా" అనుకోవాల్సి వచ్చేది.

ఆయన అన్నగారు, అంటే మా పెదనాన్న, స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. మళ్లీ మంచం దిగలేదు. అప్పటి నుంచి బాబాయి తడినేల కనిపిస్తే పామును చూసినట్టు ఆగిపోయేవాడు. ఇంట్లో గోడ పట్టుకుని నడిచేవాడు.

"మీకు ఊతం దొరికింది సరే, గోడ మీద ఆ చేతి మరకలకి సున్నం ఎవరు వేయిస్తారు?" అనేది పిన్ని.

ఆవిడే ఆయన్ని డాక్టరు దగ్గరికి లాక్కెళ్లింది.

"నడక మంచిదే, కానీ అదొక్కటే చాలదు," అన్నాడు డాక్టరు. "వయసు పెరిగేకొద్దీ కండ కరిగిపోతుంది. కొంచెం కొంచెంగా బరువులెత్తితే కండ నిలుస్తుంది, ఎముక గట్టిపడుతుంది. తూలినా కాళ్లు నిలదొక్కుకుంటాయి. ఇద్దరూ మొదలుపెట్టండి."

పడితే విరుగుతుందని ఇప్పటికే ఒక భయం. ఎత్తితే ఏదో తెగుతుందని ఇప్పుడు ఇంకోటి. బాబాయికి ఆ పూట అన్నం సహించలేదు.

పిన్ని మాత్రం ఆ సాయంత్రమే డంబెల్స్ పెట్టె ఒకటి తెచ్చింది. మందుల దుకాణం పైన పెద్దవాళ్లకి కసరత్తు నేర్పే క్లాసులో చేరింది.

"మీరూ రండి."

"అంతమందిలో నాకు బలం రాదు. నేనిక్కడే తలుపేసుకుని చేసుకుంటాను."

అలా మొదలైంది బాబాయి కసరత్తు. గదికి గడియ పెట్టి, కుర్చీలో కూర్చుని, పేపరు చదువుతూ, పేజీ తిప్పినప్పుడల్లా ఓసారి "హుమ్మ్" అని మూలిగేవాడు. అప్పుడప్పుడూ మడమతో నేలని తన్నేవాడు. డంబెల్స్ పెట్టె బల్ల కింద అలాగే ఉండేది. బయటికొచ్చే ముందు మొహం మీద నాలుగు చుక్కల నీళ్లు జల్లుకునేవాడు.

"చెమట మొహానికే పట్టిందేం?" అంది పిన్ని ఓరోజు.

"నాది పైనుంచి మొదలయ్యే చెమట."

ఓ ఉదయం పేపరు చదువుతుండగా కళ్లజోడు జారి మంచం కిందికి పోయింది. బాబాయి వంగాడు, అందలేదు. మోకాళ్ల మీదికి దిగబోతే కాళ్లు సగంలో చెయ్యిచ్చాయి. మెల్లిగానే కూలబడ్డాడు, దెబ్బేమీ తగల్లేదు. కానీ లేవడం కుదరలేదు. కుర్చీ పట్టుకుంటే అది వెనక్కి జరిగింది. మంచం పట్టి పైకి లేవబోతే మోచేతులు వణికాయి.

తలుపుకి గడియ వేసి ఉంది. అన్నయ్య కూడా ఇలాగే, ఎవరూ చూడక ముందు, నేల మీద ఎంతసేపో పడి ఉన్నాడు. ఆ మాట గుర్తొచ్చింది. మళ్లీ లేవబోయాడు. ఈసారి నిజంగానే మూలిగాడు.

"ఇవాళ గట్టిగానే చేస్తున్నారే," అంది వంటింట్లోంచి పిన్ని.

"ఏమోయ్, అక్కడే ఉన్నావా?"

"ఉన్నా. ఏం?"

"ఏం లేదు. ఉండు, అంతే."

ఆ గొంతు విని ఆవిడ తలుపు దగ్గరికొచ్చింది. "ఏమైంది?"

"కూర్చున్నాను."

"కుర్చీలోనా?"

"కుర్చీకి కొంచెం కింద."

"పడ్డారా?"

"పడలేదు. దిగాను. ఎక్కడమే రావట్లేదు."

"నొప్పుందా? కాళ్లు కదులుతున్నాయా?"

"కదులుతున్నాయి. నేను చెప్పకపోయినా కదులుతున్నాయి."

"ఆ డంబెల్స్ పెట్టె లాక్కుని, దాని మీద చెయ్యి ఊనండి."

బాబాయి బల్ల కింద చెయ్యి పెట్టి శక్తికొద్దీ లాగాడు. పెట్టె ఎగిరొచ్చి ఒళ్లో పడింది.

"ఇందులో ఏం లేవేమోయ్."

"ఎలా ఉంటాయి? తెచ్చిన రోజే తీసి వంటింట్లో పెట్టుకున్నాను. మీరు రోజూ ఏం ఎత్తుతున్నారో, ఎప్పుడు చెప్తారో అని చూస్తున్నాను."

బాబాయి ఖాళీ పెట్టెని పక్కకి తోశాడు. తర్వాత చిన్న గొంతు వినిపించింది. "తిట్లు తర్వాత. నాకు భయంగా ఉంది."

ముప్పై ఏళ్ల పైచిలుకు కాపురంలో ఆయన ఆ మాట పైకనడం పిన్ని వినలేదు.

"పక్కగదికున్న మధ్య తలుపులోంచి వస్తున్నా, ఉండండి."

"దానికి అటు బీరువా అడ్డం ఉందిగా. నలుగురు మోసుకొచ్చి పెట్టారు."

"తెలుసు. మీరు ఆ తలుపుకి దూరంగా ఉండండి."

అవతలి గదిలో ఇనుము నేలని గీరిన చప్పుడు. ఆగింది. మళ్లీ గీరింది. బాబాయికి తన కాళ్ల సంగతే మర్చిపోయేంత భయం వేసింది.

"వద్దు, ఎవరినైనా పిలువు. అది మీద పడితే?"

"మాట్లాడించకండి. ఊపిరి తప్పుతుంది."

తలుపు మూరెడు తెరుచుకుంది. ఆ సందులోంచి పక్కగా దూరి, జుట్టు విడిపోయి, మొహం కందిపోయి, పిన్ని వచ్చింది. ఆవిణ్ని చూడగానే బాబాయికి ప్రాణం లేచొచ్చింది. మనిషి మాత్రం లేవలేదు.

"చెయ్యివ్వు."

"నేను లాగితే ఇద్దరం పడతాం. పక్కకి ఒత్తిగిలండి. మోకాళ్ల మీదికి రండి. కుర్చీ నేను కదలకుండా పడతాను. ఇప్పుడు ఒక పాదం ముందుకి. తొందరేం లేదు."

ఎలాగో లేచి మంచం మీద కూర్చున్నాక, బాబాయి ఆవిడ చెయ్యి వదల్లేదు. ఆ చెయ్యి కూడా వణుకుతోంది.

"బరువుకా?" అన్నాడు.

"బీరువాదేముంది. మీరు పలకడం మానేస్తారేమోనని."

మర్నాడు ఆయనే ముందు చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. క్లాసులో అందరూ తననే చూస్తారని హడలిపోయాడు గానీ, అక్కడ ఎవరి మోకాళ్ల గోల వాళ్లది. నేర్పే అమ్మాయి గోడకి ఆనించి ఓ కుర్చీ వేసింది.

"చేతులు గుండెల మీద పెట్టుకుని లేవండి తాతగారూ. పక్కనే ఉన్నాను."

ఆయన సగం లేచి కూలబడ్డాడు. పిన్ని వైపు చూశాడు. ఆవిడ డంబెల్స్ దింపి ఆయన్నే చూస్తోంది. మళ్లీ ప్రయత్నించాడు. తొడలు గజగజలాడాయి, కానీ నిలబడ్డాడు.

"లేచాను," అన్నాడు.

"చూశాను. ఇక కూర్చోండి."

"ఇంత కష్టపడి లేచింది కూర్చోవడానికా?"

"కాదు," అంది పిన్ని. "మళ్లీ లేవడానికి."