పైకి లేచే కీబోర్డు

మనిషి వేలికి ఇంత గౌరవం దక్కిన కాలం ఇంతకు ముందు లేదు. ఎల్బీనగర్‌లో ఒక కంటి దవాఖాన ఉంది. అక్కడ చీటీ రాసే మనిషిని తీసేసి, నిలువెత్తు కంప్యూటర్ పెట్టారు. ఆపరేషన్ టోకెన్ కావాలంటే రోగి తన పేరు తానే, తన వేలితోనే తెర మీద కొట్టాలి. (కళ్లు కనబడనివాళ్లే కళ్ల దవాఖానకు వస్తారని సర్క్యులర్ రాసినాయనకు ఎవరూ చెప్పినట్టు లేదు.)

మా ఇంటామె అండాలమ్మకు రెండు కళ్లూ మసకే, కుడికంట్లో శుక్లం ముదిరింది. ఈ నెల తీయించకపోతే కష్టమని డాక్టరమ్మ చెప్పింది. పదకొండింటికి టోకెన్లు బంద్. అందుకే సరూర్‌నగర్ నుంచి పొద్దున్నే ఆటోలో వచ్చి వరుసలో ముందు నిలబడ్డాం.

తెర పక్కన శ్రీరామమూర్తి గారు కూర్చున్నారు. ఆయన హోదా తెర కీబోర్డు నియంత్రణాధికారి. గుంటూరు వైపు మనిషి, భక్తిపరుడు. శుక్రవారం కదా అని కంప్యూటరుకు బొట్టు పెట్టి, బంతిపూల దండ వేశారు. దండలో ఒక పువ్వు జారి, పేరు రాసే గడికి సరిగ్గా ఆనుకుంది. కంప్యూటర్ దాన్ని వేలనుకుని, తెర అడుగు నుంచి అక్షరాల కీబోర్డు పైకి లేపింది. లేచిన కీబోర్డు ఆ గడిని కప్పేసింది.

దించే ఏర్పాటు లేక కాదు. సెట్టింగ్స్‌లో బటన్ ఉంది. సెట్టింగ్స్ తెరవాలంటే పాస్‌వర్డ్ కొట్టాలి. పాస్‌వర్డ్ గడి కీబోర్డు కిందే ఉంది. వైరున్న మామూలు కీబోర్డు తగిలిస్తే ఇది లేవదు కదా అని మా వెనకాల నిలబడ్డ సంతోషి అనే అమ్మాయి అడిగింది. అది బీరువాలో భద్రంగా ఉందట. తాళంచెవికి దరఖాస్తు ఇదే తెర మీద పెట్టుకోవాలట.

దండ జర పక్కకు జరపమని నేను అడిగాను.

"దేవుడికి వేసింది పెద్దాయనా, సాయంత్రం దాకా కదపకూడదండి. గడి కనపడట్లేదు, అంతేగా? అంచనాగా కొట్టేయమనండి."

అండాలమ్మ తెర వైపు తల తిప్పింది. "నాకంటే శుక్లం ఒచ్చింది సారూ. గీ మిషన్‌కు ఏమొచ్చింది?"

ఆయన దాన్ని ఫిర్యాదుగా స్వీకరించి, ఫిర్యాదుల గడి కూడా కీబోర్డు కిందే ఉందని మర్యాదగా తెలియజేశారు.

ఈలోగా ఫ్యాను గాలికి పువ్వు ఊగింది. ఒక మీట మీద కాసేపు ఆగి, తర్వాత 'సరే' మీద వాలింది. టోకెన్ బయటికొచ్చింది. పేరు: ఝఝఝఝ. అప్పటికి పదకొండు కొట్టింది. ఆ రోజు దవాఖాన ఇచ్చిన టోకెన్ అదొక్కటే.

దాన్ని అండాలమ్మ పేరున మార్చమని బతిమాలాను. టోకెన్ ఎవరి పేరున వస్తే ఆపరేషన్ వాళ్లకేనని, ఆధార్ చూపాలని నియంత్రణాధికారి అన్నారు. ఆ పేరు గలవాళ్లు ఎవరని అడిగితే, వస్తారేమో చూద్దామన్నారు.

లోపలి నుంచి నర్సు వచ్చి, టోకెన్ మీది పేరును మూడుసార్లు పిలిచింది. ఎవరూ పలకలేదు. అండాలమ్మ గోడ పట్టుకుంటూ ఆమె ముందుకు వెళ్లింది.

"నేనొస్త బిడ్డా. నన్ను తీస్కపో."

నర్సు పేరు అడిగి, తన కంప్యూటర్‌లో వెతికి, అండాలమ్మ అనే రోగి ఇవాళ దవాఖానకు రానేలేదని తేల్చింది. తర్వాత నా వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది.

"ఆమె ఒస్తే, ఒచ్చే నెల రమ్మని చెప్పు తాతా."