బారిటోన్ అప్పగింత

గెజిటెడ్ హోదా లేని మగవాళ్ళు బారిటోన్ గొంతు కలిగి ఉండరాదని ఉత్తర్వు వచ్చిన నాలుగో రోజున, నీటిపారుదల శాఖ రికార్డు అసిస్టెంటు దాలినాయుడు తన గొంతు అప్పగించడానికి మండల కార్యాలయానికి వెళ్ళాడు. కింది ఉద్యోగి నిండుగా మాట్లాడితే జనం ఆఫీసరనుకుని దణ్ణం పెడుతున్నారని, దణ్ణాలు దారి తప్పుతున్నాయని ఉత్తర్వులో కారణం రాశారు.

అతనికి పెళ్ళయి నలభై రోజులు. ఫారం మీద భార్య సంతకం కూడా కావాలన్నారు గనక సుగుణ వెంట వచ్చింది.

"ఫొటో చూసి వద్దన్నానండి," అని ఆమె సూపరింటెండెంటుతో చెప్పింది. "తర్వాత ఫోన్లో ఈ గొంతు విని ఒప్పుకున్నాను."

"అయితే ఫొటో ఉంచుకోమ్మా. దాని మీద ఉత్తర్వు లేదు."

పరీక్షకు హార్మోనియం తెచ్చారు.

"స అనమంటారా?" అన్నాడు దాలినాయుడు.

"పాటెందుకు నాయుడూ? ఇంటి అడ్రసు చెప్పు, చాలు."

కాలవగట్టు వీధి, అన్నాడు. సూపరింటెండెంటు మెట్లు నొక్కి పోల్చుకున్నాడు. "ఇంకాస్త కిందికి దిగితే బాస్ గొంతు, అది కలెక్టర్లది. పైకి పోతే టెనర్, అడిగేవాడు లేడు. ఈ మధ్యదానితోనే వచ్చింది చిక్కు."

గొంతును అదే స్థాయి పలికే వాయిద్యంలోనే నిలవ చెయ్యాలి. రద్దయిన పోలీసు బ్యాండు నుంచి తెప్పించిన ఇత్తడి బారిటోన్ బాకా బల్ల మీద పెట్టి, ఖాళీ అయ్యేదాకా అందులోకి మాట్లాడమన్నారు. అతను "సుగుణా" అన్నాడు. పేర్లు వద్దన్నారు. పేర్లు అడుగున అంటుకుపోతాయట, తర్వాత వాడుకునే అధికారికి ఇబ్బందట. అందుకని ఎక్కాలు చదివాడు. పదహారో ఎక్కం సగంలో గొంతు అయిపోయింది.

బదులుగా స్టాకులోంచి ఒక సన్న గొంతు ఇచ్చారు. పెళ్ళయ్యాక వాడకం లేక ఆడవాళ్ళు తిరిగిచ్చేసినవి బీరువా నిండా ఉన్నాయి. బయటికొచ్చాక అతను "టీ తాగుదామా" అంటే, ఎవరా అని సుగుణ వెనక్కి తిరిగి చూసింది.

మూడు వారాల తర్వాత కొత్త తహసీల్దారు జీపుకు మైకు కట్టించుకుని కాలవగట్టు వీధికి వచ్చాడు. అంతకుముందు ఇళ్ళు ఖాళీ చేయించడానికి వచ్చిన ఇద్దరు తహసీల్దార్లను అక్కడి ఆడవాళ్ళు దారికి బిందెలు అడ్డం పెట్టి వెనక్కి పంపారు. ఈయన అరవలేదు. శుక్రవారంలోగా ఇళ్ళు ఖాళీ చెయ్యాలని, దాలినాయుడి గొంతుతో నెమ్మదిగా చెప్పాడు. వీధంతా గుమ్మాల్లో నిలబడి విన్నది.

"కోర్టు స్టే ఉంది మనకి. ఎవరూ కదలక్కర్లేదు," అన్నాడు దాలినాయుడు. ఎవరూ తల తిప్పలేదు. అతను లోపలికి వెళ్ళి సుగుణ చెయ్యి పట్టుకున్నాడు.

"మీరుండండి. విననివ్వండి," అంది ఆమె.

మైకు వాక్యానికొకసారి ఆగుతోంది. ఆగినప్పుడల్లా ఆమె అటక మీంచి ఒక గిన్నె దించి గోనెసంచిలో పెట్టి, "ఊఁ" కొడుతోంది.