ఫొటోలో అసమానత లేదు

దేశంలో ఆర్థిక అసమానత ఎంత ఉన్నా ఫరవాలేదు గానీ, అదంటే ఏమిటో రెండో తరగతి పిల్లలకు తెలియకపోవడం మాత్రం క్షమించరానిదని జిల్లా అసమానతా అవగాహన విభాగం తీర్మానించింది. శనివారంలోగా ప్రతి బడిలోనూ పాఠం చెప్పాలి, ఫొటో తీసి యాప్‌లో పెట్టాలి. పచ్చ టిక్కు రాని బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తారు. (పక్క ఊరికి రైలు పట్టాలు దాటి వెళ్లాలి. ఆ సంగతి పరిశీలనలో ఉంది.)

గరివిడి దగ్గర ఓ చిన్న పల్లె బడికి పద్మకుమారి ఒక్కతే టీచరు. ఉత్తర్వులో చెప్పినట్టే నువ్వుండలన్నీ రెండో తరగతి తాయారు ఒళ్లో పోసి, మిగతా పిల్లల్ని చుట్టూ నిలబెట్టింది. ఆమె ఫోను తెరిచేలోపు పంపకాలు అయిపోయాయి. అందరి బుగ్గలూ ఉబ్బి ఉన్నాయి.

యాప్ ఎర్రబడింది. "ఫొటోలో అసమానత కనిపించలేదు. మళ్లీ ప్రయత్నించండి."

మళ్లీ ఉండలు కొనుక్కొచ్చింది. (ఖర్చు టీచరే భరించడం కూడా పాఠంలో భాగమని ఉత్తర్వు అడుగున చిన్న అక్షరాల్లో ఉంది.)

"ఒసే తాయారూ, ఫొటో అయ్యేదాకా ఎవలికీ పెట్టకే. నా తల్లివి కదూ!"

"ఆళ్లు సూస్తంటే నానొక్కదాన్నే ఎలా తింతానండీ?"

మళ్లీ ఎరుపే. దాంతో విభాగం నుంచి జగన్నాధం గారే స్వయంగా జీపులో దిగారు. అసమానతలో ఆయనకు ముప్పయ్యేళ్ల అనుభవం. పద్మకుమారికి ఇంతింత పిల్లలు సంచులు మోసుకుంటూ పట్టాలు దాటడం కళ్లముందు కదిలింది.

ఆయన విసుక్కోలేదు. ఒక డబ్బా తెప్పించి, ఉండలు అందులో వేసి, మూత బిగించి తాయారు ఒళ్లో పెట్టారు.

"ఇవి నీవమ్మా. నువ్వు తెలివైనదానివి కాబట్టి నీకొచ్చాయి."

"నాకు ఒత్తులే రావు సారూ," అంది తాయారు ఉన్నమాట దాచకుండా.

"డబ్బా వచ్చింది కదా, ఒత్తులు అవే వస్తాయి."

"మరి ఆళ్లు అడిగితేనో?"

"అడగరు. ఒరే గోపీ, ఇలా రా. డబ్బా ఎవరూ ముట్టకుండా చూడు. సాయంత్రం నీకో అర ఉండ."

గోపీ కర్ర పట్టుకుని నిలబడ్డాడు. తాయారు భుజం మీద చెయ్యేసి కూర్చున్న బుల్లమ్మను, "ఎల్లే, అటెల్లు!" అని తోశాడు. బుల్లమ్మ బిత్తరపోయింది. తాయారు ఆ పిల్ల వైపు ఒకసారి, డబ్బా వైపు ఒకసారి చూసింది. తర్వాత డబ్బాను మరికాస్త దగ్గరికి లాక్కుంది.

పద్మకుమారి "వద్దు" అనబోయింది. దూరాన రైలు కూసింది. ఆమె ఫొటో నొక్కింది.

పచ్చ టిక్కు పడింది. "అభినందనలు! మీ పిల్లలు జీవితానికి సిద్ధం" అంటూ తెరమీద పూలు రాలాయి. బడి ఎక్కడికీ పోదని జగన్నాధం గారు భరోసా ఇచ్చి, డబ్బా ప్రభుత్వ ఆస్తి కాబట్టి ఉండలతో సహా పట్టుకుపోయారు. గోపీ తన అర ఉండ సంగతి అడిగాడు గానీ, అప్పటికే జీపు మలుపు తిరిగింది.

బడి వదిలాక అందరూ వెళ్లిపోయారు. బుల్లమ్మ మాత్రం గుమ్మం పట్టుకుని అక్కడే నిలబడింది.

"ఏటే, ఇంటికెల్లవా?"

"టీచరమ్మా, రేపు నాను తాయారునా?"

పద్మకుమారి ఉత్తర్వు తీసి మొదటినుంచి చివరిదాకా మళ్లీ చదివింది. వంతుల ప్రస్తావన అందులో ఎక్కడా లేదు.