యాస చూసి ఇచ్చే గది

శనివారం పొద్దున ఉరెదియా అనుకున్నది చాలా చిన్న పని. పదింటికి గది చూడాలి, వీపున కట్టుకున్న పిల్ల నిద్ర లేచేలోపు ఖాయం చేసుకోవాలి. ఉంటున్న ఇల్లు సోమవారం పడగొట్టేస్తారు. ఎనుగు పట్నంలో చంటిపిల్ల ఉందనగానే అందరూ తలుపు వేసేస్తున్నారు.

"అసోగ్వా ముసలాయన న్సుక్కా వైపు వాళ్లకే ఇస్తాడు. నోరు తెరిస్తే చాలు, ఊరు పట్టేస్తాడు" అని బ్రోకరు ముందే చెప్పాడు.

ఉరెదియా వాళ్లది న్గ్వా వైపు. అందరిదీ ఇగ్బో భాషే, యాసలే వేరు. నాలుగేళ్లు న్సుక్కా మిరపకాయలామె పక్కింట్లో ఉండబట్టి ఉరెదియాకు ఆ యాస వచ్చు. మొగుడు ఇహెయాన్యికి చచ్చినా రాదు.

"ఇదిగో పాప నాన్నా, నీకు పంటినొప్పి. నోరు తెరిచావో, పిల్లతో రోడ్డు మీదే!" అంటూ అతని దవడకు గుడ్డ కట్టేసింది.

"గది జూద్దమని వచ్చినం నాయినా!" అని అసోగ్వా గుమ్మంలో న్సుక్కా యాసలో పలకరించింది.

అసోగ్వా మొహం విప్పారింది. "మన బిడ్డవే గద! ఆగు, మనోళ్లను పిలుస్త."

న్సుక్కా సంఘం పెద్దలు ముగ్గురు దిగారు. అతిథులొస్తే మర్యాదగా పంచే కోలా కాయల పళ్లెం వచ్చింది. చిన్నవాడు కాబట్టి దాన్ని అందరికీ చూపించే పని ఇహెయాన్యి మీద పడింది. ఏ ఊరివాడికి ముందు, ఏ ఊరివాడికి తర్వాత అన్న వరస అక్కడ పుట్టినవాళ్లకు ఉగ్గుపాలతోనే వస్తుంది. ఇతను దగ్గరలో ఎవరుంటే వారి ముందు పెట్టాడు.

"ఏందిది? మా ఊరిని ఆఖర్న పెడతవా?" పెద్దల్లో ఒకాయన లేచాడు.

"నొప్పికి కండ్లు తిరుగుతున్నయి పెదనాయినా" అంది ఉరెదియా.

"అయ్యో! పండ్లు పీకే మనోడున్నడు, పిలువుండ్రి!" అన్నాడాయన.

పళ్లు పీకేవాడు వచ్చి పటకారు టకటకలాడించగానే పిల్ల లేచి కెవ్వుమంది. తల్లి ఎంత ఊపినా ఆగదు. తండ్రి పాడితేనే ఆగే పిల్ల. ఇహెయాన్యి గుడ్డ లాగేసి, అచ్చమైన న్గ్వా యాసలో జోలపాట ఎత్తుకున్నాడు. ఇక రోడ్డే గతి అనుకుంది ఉరెదియా.

రెండో చరణంలో అతను తడబడ్డాడు. ఎవరో అందుకున్నారు. చూస్తే అసోగ్వా! కళ్లు మూసుకుని, అదే యాసలో, చివరిదాకా పాడాడు.

"నీకెక్కడిదయ్యా ఆ పాట?" అన్నారు పెద్దలు.

"మా అమ్మ పాడేదండీ." ముసలాయన నోట న్సుక్కా యాస మాయమైంది. "అప్పట్లో ఈ స్థలం న్సుక్కా వాళ్లకే అమ్ముతామన్నారు మరి, ఏం చెయ్యను?" ఉరెదియా వైపు తిరిగాడు. "మనోళ్లయితే ఇట్టే కనిపెట్టేస్తారనే కదమ్మా, ఇన్నేళ్లూ మనోళ్లకి గది ఇవ్వంది! ఇంకేముంది, సామాను తెచ్చేసుకోండి."

"పదేండ్ల సంది మా సంఘానికి అధ్యక్షుడివి గదయ్యా నువ్వు!"

మధ్యాహ్నానికల్లా గది నిండింది, పదవి ఖాళీ అయింది.