నాలుగో నంబరు తాత

హరిలాల్ ఆ రోజు దుకాణం తెరవదలచుకోలేదు. పొద్దున తొమ్మిదిన్నర బస్సుకు పాల్వంచ వెళ్లి కంటి డాక్టరుకు చూపించుకోవాలి. మధ్యాహ్నానికి తిరిగొచ్చి, ఫోను ఆపేసి, చీకటి పడేదాకా నిద్రపోవాలి. ప్లాను అంతే. పెళ్లిళ్ల సీజనంతా కంప్యూటరు ముందు కూర్చుని ఫ్లెక్సీలు వేసీ వేసీ అతని కళ్లు పండుమిరపకాయల్లా అయ్యాయి. "డాక్టరు కాడికన్నా పో, లేకుంటే నన్ను మా తల్లిగారింటికన్నా తోలు," అని భార్య సువర్ణ తేల్చి చెప్పేసింది.

ములకలపల్లి సెంటర్లో పుట్టినరోజుకైనా, పెళ్లికైనా, చావుకైనా జనం వచ్చేది హరిలాల్ దుకాణానికే. ఈమధ్య అతను ఒక కొత్త సాఫ్ట్‌వేర్ తెప్పించాడు. అందులో రెడీమేడ్ మనుషులుంటారు. ముక్కు పొడుగు, దవడ వెడల్పు, ముడతలు, అన్నీ మౌస్‌తో జరుపుకుంటూ పోతే ఫోటో లేని మనిషికి కూడా ఫోటో పుడుతుంది. చిక్కేమిటంటే ఆ మనుషులందరూ పరాయి దేశాల వాళ్లు. సగం మంది కత్తులు దూస్తూ, మిగతా సగం మంది ఈత బట్టల్లో ఉంటారు. వాళ్లకు పంచె కట్టేసరికి హరిలాల్‌కు తల ప్రాణం తోకకొచ్చేది.

నెల కిందట అతని పెద్దమ్మ కొడుకు లాల్‌సింగ్ తండా నుంచి వచ్చాడు. ముప్పై ఏళ్ల కిందట పోయిన తండ్రి రూప్లా పేరు మీద వాలీబాల్ పోటీలు పెడుతున్నాడు. ఫ్లెక్సీ మీద నాయన బొమ్మ కావాలి, ఫోటో మాత్రం లేదు. ముక్కు గురించి లాల్‌సింగ్ ఒకటి చెబితే అతని తమ్ముడు ఇంకొకటి చెప్పాడు. రెండు రోజులు ఆ ముక్కును అటూ ఇటూ జరిపి విసిగిపోయిన హరిలాల్, చివరికి సాఫ్ట్‌వేర్‌లో నాలుగో నంబరు ముసలాయన్ను ఉన్నవాడిని ఉన్నట్టే, ఆ నవ్వుతో సహా తీసుకుని, కాస్త రంగు తగ్గించి, మీసం అతికించి, తలపాగా చుట్టి చూపించాడు.

"అచ్చం మా నాయనే!" అని అన్నదమ్ములిద్దరూ కళ్లు తుడుచుకున్నారు. పెద్దమ్మ పూలి ఆ బొమ్మను చేత్తో తడిమి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తల్లి లేని హరిలాల్‌ను పెంచింది ఆమే. ఆ ఏడుపు చూశాక నిజం చెప్పడానికి అతనికి నోరు పెగలలేదు.

మరో పది రోజులకు వెంకటరామారావు వచ్చాడు. వాళ్ల నాన్న కోస్తా నుంచి వచ్చి ఇక్కడ భూములు కొని స్థిరపడ్డాడు. ఆయన పేరు మీద సెంటర్లో చలివేంద్రం పెట్టాలి, ఉన్న ఒక్క ఫోటోలో మొహాన్ని చెదలు తినేశాయి. హరిలాల్‌కు ఇంకో ముక్కు జరిపే ఓపిక లేదు. తండా ఎక్కడో అడవి అంచున ఉంది, చలివేంద్రం ఇక్కడుంది, రెండూ పక్కపక్కన పెట్టి ఎవరు చూడొచ్చారు? అదే ముసలాయనకు తలపాగా తీసేసి, భుజాన కండువా వేసి ఇచ్చేశాడు. "మా నాన్నగారు దిగొచ్చినట్టుందయ్యా," అని రావుగారు భుజం తట్టారు.

సరే, ఇప్పుడు ఈ పొద్దుటికి వద్దాం. బస్సు కోసం సెంటర్‌కొచ్చిన హరిలాల్‌కు మొదట కనిపించింది నిచ్చెన. నిచ్చెన మీద లాల్‌సింగ్. చలివేంద్రం పక్క స్తంభానికే తన ఫ్లెక్సీ కట్టేస్తున్నాడు. కింద కుండల దగ్గర రావుగారి తల్లి సుబ్బరత్నం రోజూలాగే నీళ్లు పోస్తోంది. కొడుకు వెంట ఆటోలో వచ్చిన పూలి ఆమె పక్కనే నీడలో కూర్చుంది.

"అన్నా, గీడెందుకు కడుతున్నవ్?" హరిలాల్ పరుగున వెళ్లి నిచ్చెన పట్టుకున్నాడు.

"తండల కడితే ఎవలు జూస్తరు? పది ఊర్ల టీములు రావాలె గద."

"ఎండకు రంగు పోతది. తండకు తీస్కపో అన్నా."

"ఏసింది నువ్వే, పోతదనేది నువ్వేనా తమ్మీ?" అని లాల్‌సింగ్ చివరి ముడి బిగించాడు.

ఎదురుగా టీ కొట్టు జంపయ్య గ్లాసు కడుగుతూ తలెత్తాడు. "ఏంది హరిలాలూ, ఇద్దరు పెద్దమనుషులు ఒక్క తల్లి పిల్లల లెక్కున్నరు?"

హరిలాల్‌కు తల పగిలిపోతోంది. బస్సుకు ఇంకా పది నిమిషాలుంది. "ఏమో, అయ్యుంటరేమో," అని ఊరుకున్నాడు. అలసిన మనిషి అన్న మాట అది. జంపయ్య అలసిన మనిషి కాదు. మొదటి టీకి వాళ్లు గోదావరి వరదల్లో తప్పిపోయిన అన్నదమ్ములయ్యారు. మూడో టీకి ఏ వరదో, ఏ రేవో తెలిసిపోయింది. ఆరో టీకి అక్కడున్న వాళ్లలో ఒకాయనకు తన తాత ఆ సంగతి చెప్పినట్టు గుర్తు కూడా వచ్చింది.

టీ కొట్టు కథ చెవినపడ్డ లాల్‌సింగ్ నిచ్చెన దిగి, రెండు ఫ్లెక్సీల వంకా మార్చి మార్చి చూశాడు. కుండలు చూసుకోవడానికి అప్పుడే బండి దిగిన రావుగారిని గట్టిగా వాటేసుకున్నాడు. "అన్నా! గిన్నేండ్లు ఎట్ల తెల్వకపాయె!"

"ఎవరికి ఎవరయ్యా అన్న? మా నాన్నగారికి తోడబుట్టినవాళ్లే లేరు!"

"ఉన్నరే! మొకం జూడు!"

రావుగారు చూశారు. ఆయన మొహంలో రంగు మారింది. "హరిలాల్, బొమ్మలేసింది నువ్వు. ఏంటిదంతా?" అని గద్దించారు. సెంటరంతా హరిలాల్ వైపు తిరిగింది. సరిగ్గా అప్పుడే బస్సు హారన్ వినిపించి అతనికి ప్రాణం లేచొచ్చింది. పరుగెత్తి ఫుట్‌బోర్డు మీద ఒక కాలు వేశాడు. రెండో కాలు వేయకముందే వెనక కేకలు లేచాయి.

బస్సు పక్క రేకు మీద నిలువెత్తున మోకాళ్ల నొప్పుల నూనె ప్రకటన ఉంది. మోకాలు పట్టుకుని నవ్వుతున్న నాలుగో నంబరు ముసలాయన! మీసం లేదు, తలపాగా లేదు, కండువా లేదు. రెడీమేడ్ మనిషిని ఎవరైనా తెచ్చుకోవచ్చు కదా, ఆ నూనెవాళ్లూ తెచ్చుకున్నారు.

"మూడో ఆయన గుడ ఉన్నడా!" అన్నాడు లాల్‌సింగ్.

"మా నాన్నగారి బొమ్మ పెట్టుకుని నూనె అమ్ముతారా!" అని రావుగారు వెళ్లి బస్సుకు అడ్డంగా నిలబడ్డారు. లాల్‌సింగ్ ఆయన పక్కన నిలబడ్డాడు.

"సార్, నూనెతోని నాకేం సంబంధం? టైమైతాంది, జల్దీ జరుగుండ్రి," అని కండక్టర్ మొత్తుకున్నాడు. ఎవరో హరిలాల్‌ను చొక్కా పట్టి కిందికి లాగారు. అతను చలివేంద్రం ముందు నేల మీదే కూలబడ్డాడు. ఇక అబద్ధమాడే సత్తువ కూడా మిగల్లేదు.

"ఆయన ఎవలకూ నాయన కాదు. కంప్యూటర్ల ముసలోడు. నాలుగో నంబరు."

"మా నాయనను నంబరంటవా?" లాల్‌సింగ్ చెయ్యెత్తాడు. "అమ్మా, నువ్వు జెప్పు! నాయన బొమ్మ జూసి ఏడ్చినవా లేదా?"

హరిలాల్ తలెత్తలేదు. తన్నులకు అతను భయపడలేదు. పెద్దమ్మ మొహం చూడలేకపోయాడు. ఈ క్షణంతో ఆమెకు భర్త రెండోసారి పోతాడని, చంపింది తానేనని అతనికి ఏడుపొచ్చింది.

పూలి నీళ్ల గ్లాసు కింద పెట్టింది. "ఆయన కాదని నాకు మొదటి దినమే ఎరుక. మీ నాయనకు ముక్కు పక్కన ఇంత పుట్టుమచ్చ ఉండె. మీ ఇద్దర్ల ఒక్కనికన్నా యాదికి రాలే. గందుకే ఏడ్చిన."

లాల్‌సింగ్ ఎత్తిన చెయ్యి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిచ్చెన మీద పెట్టుకున్నాడు.

"మీ నాన్నకు జన్మలో మీసం లేదురా," అంది సుబ్బరత్నం కొడుకుతో. "ఆ బస్సు మీదాయనే కాస్త నయం."

"మరి చెప్పలేదేంటమ్మా?"

"అంత సంబరంగా దండేసి మొక్కుతుంటే నలుగురిలో ఏమని చెప్పను? ఆయన పోయినప్పుడు నీకు పదేళ్లు."

రావుగారు బస్సు ముందు నుంచి పక్కకు తప్పుకున్నారు. బస్సు వెళ్లిపోయింది, కంటి డాక్టరూ దాంతోనే వెళ్లిపోయాడు. హరిలాల్ లేచి నిచ్చెన పట్టుకున్నాడు. "ఇప్పుడే ఇప్పేస్త పెద్దమ్మా. తప్పయింది."

"ఉండనియ్ బిడ్డా," అంది పూలి. "మీ పెదనాయన నన్ను జూసి ఎన్నడన్న గిట్ల నవ్విండా? ఈయన పొద్దుందాక నవ్వుతనే ఉన్నడు."

"మా ఆయనా అంతే అక్కా," అని సుబ్బరత్నం ఇంకో గ్లాసు నీళ్లు ముంచింది.

మర్నాడు దుకాణం తీసేసరికి జంపయ్య గుమ్మంలో ఉన్నాడు. "మా తాతకు గుడ ఫోటో లేదు. గా ముసలాయన్నే ఒకటి ఎయ్యి."

"గది ఉత్త బొమ్మ జంపయ్యా. నీ ముంగటే గద జెప్పిన!"

"ఎరుకే. అయితేంది, ఇంట్ల నవ్వే మనిషొకడు ఉండాలె గద."

హరిలాల్ మండుతున్న కళ్లు నలుపుకుని కంప్యూటరు ఆన్ చేశాడు. ఎండాకాలం అయ్యేసరికి మండలంలో పదకొండిళ్లలో ఒకే తాత దండ వేయించుకున్నాడు, ఆయన వారసుల్లో ఒక్కరూ ఆస్తి పంపకం మాటెత్తలేదు.