డి డ్రైవులో పెళ్లి

సోమవారం పొద్దున ఇడ్లీ తిని చెయ్యి కడుక్కుంటూ శ్రీకర్ ఒక గొప్ప నిర్ణయం తీసుకున్నాడు. తెనాలిలో అతనికి పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు తీసే స్టూడియో ఉంది. మూఢం కావడంతో పెళ్లిళ్లు లేవు. చేతిలో పని లేనప్పుడే మనిషికి కంప్యూటర్ బాగుచెయ్యాలనిపిస్తుంది. విండోస్ పక్కనే, దానిలాగే కంప్యూటర్‌ని నడిపే లైనక్స్ కూడా ఎక్కించాలని అతని సంకల్పం. హార్డ్ డిస్కును గదులుగా విడగొట్టి, ఒక గదిలో దాన్నీ ఇంకో గదిలో దీన్నీ పెడితే, స్విచ్ వేసినప్పుడల్లా ఏది కావాలని మర్యాదగా అడుగుతుందట. యూట్యూబులో ఒకాయన టీ చల్లారేలోపు చేసి చూపించాడు.

"పెళ్లి వీడియోలు ఇంకోచోట కూడా దాచారా?" అని అడిగింది భార్య బిందుమాధవి. ఎడిటింగ్ అంతా ఆమెదే కాబట్టి ఆమెకు ఇలాంటి పిరికి ప్రశ్నలు వస్తుంటాయి.

"అవన్నీ డి డ్రైవులో ఉన్నాయి బిందూ. నేను దాని జోలికే వెళ్లను. సి డ్రైవులో కాస్త చోటు చేసి పెడతానంతే."

తీరా చూస్తే లైనక్స్ ఎక్కించే తెర మీద సి లేదు, డి లేదు. ఒకే పోలికున్న అన్నదమ్ముల్లా పేరూ ఊరూ లేని గదులు వరసగా నిలబడి ఉన్నాయి. శ్రీకర్ కాసేపు సైజులు పోల్చి చూసి, ఖాళీదనిపించిన ఒకదాన్ని ఎంచుకున్నాడు. ఇది తుడిచేస్తే మళ్లీ రాదు, సరేనా అని కంప్యూటర్ అడిగింది. అసలే మొహమాటస్తుడు. సరేనన్నాడు.

కంప్యూటర్ మళ్లీ లేచేసరికి విండోస్ లేదు. రోజూ తెర మీద కనిపించే డి డ్రైవూ, అందులోని 'రేపల్లె పెళ్లి' ఫోల్డరూ లేవు. కొత్త తెర మాత్రం కళకళలాడుతోంది. అంతా తుడిచిపెట్టుకుపోయిందని శ్రీకర్ తేల్చుకున్నాడు. కెమెరా కార్డుల కోసం సొరుగు తెరిచి, వెంటనే మూసేశాడు. వాటిని ఖాళీ చేసి చుండూరులో ఓణీల ఫంక్షనుకు వాడేశాడు మరి.

అంతలో ఫోను మోగింది. రేపల్లె నుంచి పెళ్లికూతురి తండ్రి దేవదానం మాస్టారు.

"బాబూ, వీడియో అయిందా? బాపట్ల వియ్యపురాలు రోజూ అడుగుతోందయ్యా."

పోయిందండి అంటే ఒక్క తిట్టుతో అయిపోయేది. కానీ శ్రీకర్ వ్యాపారస్తుడు. "అయిపోవచ్చిందండి మాస్టారూ. చర్చిలో వెలుతురు సరిపోలేదండి. రెండు మూడు షాట్లు మళ్లీ తీస్తే బ్రహ్మాండంగా ఉంటుంది."

"ఏ షాట్లయ్యా?"

"అమ్మాయి చర్చిలోకి రావడం, ప్రమాణాలు, ఉంగరాలు, తాళి. ఆ తర్వాత స్టేజీ మీద బంధువులు, భోజనాలు."

"అంటే పెళ్లంతా కదయ్యా."

"అంతా కాదండి. అప్పగింతలు వదిలేద్దాం. అమ్మాయిని మళ్లీ ఏడిపించడం ఎందుకు?"

మాస్టారు జీవితమంతా పాఠాల్ని సులువు చేసి చెప్పిన మనిషి. వెంటనే బాపట్లకు ఫోను చేసి వియ్యపురాలు రాజమ్మకు ఇదీ సులువు చేసి చెప్పారు. "పెళ్లి మళ్లీ చెయ్యాలంట చెల్లెమ్మా." ఎందుకని రాజమ్మ అడగలేదు. మొదటి పెళ్లి చెల్లలేదేమోనని చెల్లెలి దగ్గర వాపోయింది. చెల్లెలు దాన్ని ఇంకాస్త కుదించి, అక్క కొడుకు మధుబాబుకి మళ్లీ పెళ్లంట అని పక్కింటావిడకు చెప్పింది. పక్కింటావిడ టీచరు. ఆమె పనిచేసే స్కూల్లోనే రాజమ్మ కోడలు స్నేహలత కూడా పాఠాలు చెబుతోంది. వార్త ఆమె క్లాసు దాకా వచ్చేసరికి పెళ్లికూతురు కూడా మారిపోయింది.

స్నేహలత సెలవు పెట్టి బయటికొచ్చి, బ్యాంకులో ఉన్న భర్తకు ఫోను చేసింది.

"ఎవరా పిల్ల?"

"పిల్లేంటి?" అన్నాడు మధుబాబు.

ఏమీ ఎరగనట్టు నటిస్తున్నాడని ఆమెకు రూఢి అయింది. ఇక నీకెవరు చెప్పారంటే నీకెవరు చెప్పారని ఒకరినొకరు నిలదీసుకుంటూ పోతే, దారి తిన్నగా తెనాలి స్టూడియో గుమ్మం ముందు తేలింది. మధ్యాహ్నానికి మాస్టారు రైల్లో వచ్చారు. బాపట్ల వాళ్లు ముగ్గురూ కారులో దిగారు. కొడుకూ కోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

"ఏమయ్యా, మావాడికి మళ్లీ పెళ్లి కుదిర్చింది నువ్వేనా?" అంది రాజమ్మ.

శ్రీకర్ చేతులు జోడించాడు. "మళ్లీ పెళ్లి కాదమ్మా. ఉన్న పెళ్లే పోయింది."

జరిగిందంతా చెప్పాడు. స్నేహలత భర్త వైపు చూసి, తల వంచుకుని, అతని పక్కకు వెళ్లి నిలబడింది. మిగతావాళ్లు మాత్రం శాంతించలేదు. చర్చిలో అంతమంది సాక్షిగా జరిగిన పెళ్లిని మీట నొక్కి తుడిచేస్తావా అని మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. వీడియో చేతిలో పెడితేనే ఈ గుమ్మం దాటతానంది రాజమ్మ.

బిందుమాధవి వచ్చి, మొగుణ్ని పక్కకు జరిపి, తెర మీద రెండుచోట్ల నొక్కింది.

"ఏమండీ, మీరు తుడిచింది విండోస్‌ని. డి డ్రైవు నిక్షేపంలా ఇక్కడే ఉంది. ఒక్కసారి తెరిచి చూడొచ్చు కదా."

స్టూడియోలో అందరికీ ప్రాణం లేచొచ్చింది. మాస్టారు కళ్లు తుడుచుకున్నారు. "ముందు వెయ్యమ్మా, కళ్లారా చూస్తాం" అంది రాజమ్మ. బిందుమాధవి చేతికందిన మొదటి ఫైలు నొక్కింది. భోజనాల దగ్గర స్టాండు మీద వదిలేసిన కెమెరాలో పడ్డది అది. ఇంకా కత్తెర పడలేదు.

తెర మీద మాస్టారు తమ్ముడితో అంటున్నారు. "బాపట్లోళ్లు వంద మందన్నారు, ఊరు ఊరంతా దిగింది. వీళ్లింట్లో పొయ్యి వెలిగి ఎన్నాళ్లయిందో."

ఆ వెనకే ప్లేటు పట్టుకుని రాజమ్మ, చెల్లెలితో. "ఈ బిర్యానీలో ముక్క వెతకాలంటే టార్చిలైటు కావాలే. మాస్టారు ముక్కలు కూడా మార్కుల్లాగే వేస్తాడల్లే ఉంది."

వియ్యంకుడూ వియ్యపురాలూ ఎదురెదురు గోడల వైపు చూశారు.

"బాబూ, అది తీసెయ్" అన్నారు మాస్టారు.

"తీసెయ్యడం కాదయ్యా, తుడిచెయ్" అంది రాజమ్మ. పెళ్లయ్యాక రెండు కుటుంబాలూ ఒక్క మాట మీద నిలబడటం అదే మొదటిసారి.

పొద్దుటి నుంచి తనకు తెలిసిన పని ఒక్కటి దొరికిందని శ్రీకర్ ఉత్సాహంగా మీట నొక్కాడు. తెర మీద ఏదో వచ్చింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అదే వచ్చింది. బిందుమాధవి వంగి చదివింది.

"ఈ డ్రైవు చదవడానికి మాత్రమేనంట. పోయినసారి విండోస్ సరిగ్గా మూతపడలేదంట. దాన్ని తెరిచి, పూర్తిగా మూసి వస్తేగానీ చెరపనివ్వనంటోంది."

"మరి తెరువయ్యా ఆ విండోస్‌ని" అన్నారు మాస్టారు.

"పొద్దున నేను తుడిచేసింది దాన్నేనండి" అన్నాడు శ్రీకర్. ఆ రోజు అతని కంప్యూటర్లో ఎవరూ ముట్టుకోలేనంత భద్రంగా ఉన్నది ఆ ఒక్క వీడియోయే.